ఉంజింటో కొండమీద కందకాలు

సైన్యంలో ఇంజనీర్ల దళం అనగానే మనవాళ్లకి వంతెనలూ, మందుపాతరలూ గుర్తొస్తాయి. ఆ దళంలో చేరబోతున్న కుర్రాళ్లు ఆశీర్వాదానికని మా ఇంటికి వస్తుంటారు. వాళ్లకి నేను చెప్పే మొదటి మాట వాళ్ల ముఖాలు మాడ్చేస్తుంది. నాయనా, నువ్వు చేయబోయేది ఎక్కువగా మట్టి పని. వంతెన ఎప్పుడో ఒకసారి కడతావు. కందకం మాత్రం వెళ్లిన ప్రతిచోటా తవ్వుతావు, వచ్చేముందు పూడుస్తావు. అరచేతులు బొబ్బలెక్కి, అవి పగిలి, మళ్లీ బొబ్బలెక్కాక అప్పుడు నిన్ను ఇంజనీరంటారు.

సిపాయిగా చేరి సుబేదారుగా బయటికొచ్చాను. మధ్యలో ఏ ర్యాంకు ఎప్పుడొచ్చిందో చెప్పుకుంటూ పోతే మీకు నిద్ర వస్తుంది, మా ఆవిడకి ఇప్పటికే వస్తోంది. పనిలో నాకు నిజంగా ఏదైనా నేర్పినవాళ్లు ఇద్దరు. ఒకరు మా మేజరు. రెండోవాడు నేను పెన్షన్ తీసుకున్న తర్వాత, దక్షిణాఫ్రికాలో, చెరకు తోటల మధ్య దొరికాడు. వాడి కథ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎదుటివాడి వైపు నుంచి

మా మేజరు పొట్టి మనిషి. కోపం మాత్రం పొడుగు. ఎడారిలో మా చేత పొద్దంతా మోర్చాలు తవ్వించేవాడు. మోర్చా అంటే ఇద్దరు జవాన్లు నిలబడి కాల్చడానికి ఛాతీ లోతున తవ్వుకునే గుంట. పని అయిపోయిందని మేము నడుము వాల్చబోయే వేళకి వచ్చి, "పదండి" అనేవాడు. శత్రువు ఎటునుంచి వస్తాడో ఆ వైపుకి తీసుకెళ్లి, ఇసుకలో బోర్లా పడుకోబెట్టి, "మీ మోర్చా ఎక్కడుందో చూపించండి" అనేవాడు.

కనిపిస్తే చూపించాలి. చూపిస్తే దాన్ని పూడ్చి ఇంకోచోట తవ్వాలి. కనిపించి కూడా కనిపించలేదని అబద్ధమాడితే ఆయనే చూపించేవాడు. తవ్విన కొత్త మట్టి రంగు వేరుగా ఉండేది. లేదా మేము టీకి వెళ్లొచ్చిన అడుగులన్నీ కలిసి ఒక దారి అయిపోయి, మోర్చా దగ్గరికి వేలు పెట్టి చూపించేది. ఆయన్ని మేము తిట్టని తిట్టు లేదు. కానీ ఈ వృత్తిలో ఉన్నదంతా అదే. నువ్వు కూర్చున్న చోటు నీకు ఎలా కనిపిస్తోందో ఎవడికీ అక్కర్లేదు. ఎదుటివాడికి ఎలా కనిపిస్తోందో అది చూడాలి. మిగతావి పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి.

పారలు ఇచ్చే మనిషి

దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి ఏళ్లు అవి. నిన్నటిదాకా ఒకరినొకరు కాల్చుకున్న సైన్యాలన్నిటినీ కలిపి ఒకే సైన్యంగా చేస్తున్నారు. రక్షణ స్థావరాలు తవ్వడం నేర్పడానికి బయటి దేశాల నుంచి పాత కాపుల్ని కొందరిని కాంట్రాక్టు మీద పిలిచారు. ఆ పిలుపు మీద నేను డర్బన్ వెళ్లాను. రిజర్వాయర్ హిల్స్‌లో ఒక ఇంటి వెనక గది అద్దెకి తీసుకున్నాను. వారమంతా దక్షిణాన, ఉంజింటో వెనకాల కొండల్లో, ఒక కొత్త ఇంజనీర్ల ప్లటూన్‌తో ఉండేవాణ్ణి.

ఆ ప్లటూన్‌కి సార్జెంటు డాన్ అప్పల్సామి. పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మాది శ్రీకాకుళం. మా వీధిలోనే నలుగురు అప్పలస్వాములు ఉండేవారు.

"మీరు తెలుగువారా?" అని తెలుగులోనే అడిగాను.

"అవును అన్నా. నేను తెలుగు. తెలుగు మాత్రం రాదు" అన్నాడు. అదీ తెలుగులోనే.

అతని ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి కూలికి వచ్చి ఉంజింటోలో చెరకు నరికాడట. ఇంట్లో మాటలన్నీ ఇంగ్లీషే. తెలుగులో మిగిలినవల్లా చుట్టరికాల పిలుపులు, తిండి పేర్లు, దేవుడి పాటలు, తిట్లు. తిట్లు మాత్రం చెక్కు చెదరలేదు. మొదటి రోజే ఒక జులూ సిపాయి తవ్విన మట్టి తప్పు వైపు పోస్తుంటే, "ఎర్రి మొగమా, మట్టి అటేపు ఎయ్యి" అన్నాడు. ఆ సిపాయి వెంటనే అటువైపు వేశాడు. అది అచ్చం మా అమ్మమ్మ తిట్టు. నా కళ్లు చెమర్చాయి. పరాయి దేశంలో తిట్టు విని కళ్లు తుడుచుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

తెల్లవాళ్ల పాత సైన్యంలో అప్పల్సామి లాంటి ఇండియన్లని తవ్వడానికి పంపేవారు కాదు. స్టోర్సులో పెట్టారు. ఏళ్ల తరబడి కౌంటరు వెనక నిలబడి పారలూ గునపాలూ ఇచ్చాడు, తీసుకున్నాడు. ప్రతి ఒక్కణ్ణీ "ఎవరికి? ఎందుకు?" అని అడగాలి. "తవ్వడానికి" అని వాళ్లు చెప్పాలి. మట్టితో తెచ్చిన పారని తీసుకోకుండా వెనక్కి పంపేవాడు. కౌంటరు ఇవతలికి వచ్చి ఒక్కసారైనా తవ్వుతానని ఎన్ని అర్జీలు పెట్టుకున్నా ఎవరూ వినలేదు. కొత్త సైన్యంలో ఆ అవకాశం వచ్చింది. అయితే తాత్కాలికంగా.

కర్నల్ డూ ప్రీ మా పై అధికారి. పాత సైన్యం మనిషి. ముక్కుసూటిగా మాట్లాడతాడు. అప్పల్సామి ఎదుటే ఆయన నాతో చెప్పాడు.

"మిస్టర్ మూర్తి, నెల చివర పరీక్ష. ఒక కంపెనీ ఈ కొండ మీద దాడికి వస్తుంది. సార్జెంటు మనుషులు వాళ్లని ముందు చూస్తే ఇతను ఇక్కడే ఉంటాడు. వాళ్లు ఇతని మోర్చాల్ని ముందు చూస్తే, స్టోర్సు తాళాలు ఇతని కోసం ఎదురు చూస్తున్నాయి."

అందులో వెటకారం లేదు. నిజం చెప్పాడంతే. అందుకే అప్పల్సామి ముఖం పాలిపోయింది.

సున్నం వేసిన రాళ్లు

ఆ ప్లటూన్‌లో మూడు సైన్యాలవాళ్లు ఉండేవారు, మూడు రకాలుగా తవ్వేవారు. పాత సైన్యం కుర్రాళ్లకి తవ్వే యంత్రం వచ్చేదాకా చెయ్యి లేచేది కాదు. వచ్చాక కొలబద్ద పెట్టి గీసినట్టు తవ్వేవారు. పాత ప్రభుత్వం మీద అజ్ఞాతంలో పోరాడి వచ్చినవాళ్లకి పెద్ద కార్పొరల్ మ్‌ఖీజే. వాళ్లు పొరుగు దేశాల అడవుల్లో, విమానాలకి భయపడుతూ బతికినవాళ్లు. లోతుగా తవ్వి, పైన దుంగలు పరిచి, మట్టి కప్పి, అందులో దూరితే ఇక బయటికొచ్చేవారు కాదు. బయట ఏం జరుగుతోందో చూసే కంత పెట్టడమే మరిచిపోయేవారు. ఇక మూడోరకం, నల్లవాళ్లకని పాత ప్రభుత్వం విడగొట్టి పెట్టిన చిన్న రాజ్యాల సైన్యం నుంచి వచ్చినవాళ్లు. కవాతులో వాళ్లని మించినవాళ్లు లేరు. వాళ్లు మోర్చా తవ్వి, దానికి చక్కగా దారి తీసి, ఆ దారికి రెండువైపులా రాళ్లు పేర్చి, రాళ్లకి సున్నం వేశారు.

"ఇదెందుకు?" అన్నాను.

"శుభ్రంగా ఉంటుందని సర్" అన్నారు.

"శత్రువు దారి తప్పకుండా కూడా ఉంటుంది" అన్నాను. మ్‌ఖీజే పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను అతని కంత లేని గుహ వైపు చూపించాక ఆపాడు.

అప్పల్సామి ఎవరినీ చూసి నవ్వలేదు. మ్‌ఖీజేవాళ్ల దగ్గర పైకప్పు వేయడం నేర్చుకుని మిగతావాళ్లకి నేర్పించాడు. పాత సైన్యం కుర్రాళ్ల చేత చూపు ఎంత దూరం సాగుతుందో కొలిపించాడు. సున్నం రాళ్లవాళ్లకి, సున్నం లాక్కుని, దారి పని అప్పగించాడు. ఎవడు ఎక్కడ అడుగు వేయాలో వాళ్లు చెప్పిన దారి దాటితే ఎర్రి మొగం తిట్టు తప్పదు. కొన్నాళ్లకి ఆ తిట్టు ప్లటూన్ మొత్తానికి వచ్చేసింది. జులూ సిపాయిలు ఒకరినొకరు అలాగే పిలుచుకునేవారు.

స్థలం కూడా తనే ఎంచుకున్నాడు. కొండ కింద రోడ్డు. రోడ్డు నుంచి కొండ నడుము దాకా చెరకు తోట, మనిషిని మించిన ఎత్తు. తోట పై అంచున మోర్చాలు. చెరకులో మనిషి నడిస్తే ఆకుల తలలు కదులుతాయి, పైనుంచి అది స్పష్టంగా తెలుస్తుంది. ఆ తోట అప్పల్సామి మేనమామ రామయ్యది. ఆయన అనుమతితో రోజూ పచ్చి చెరకాకు తెచ్చి మోర్చాలు కప్పేవారు. పొద్దున కోసినది సాయంత్రానికి వాడిపోతుంది కనుక ప్రతి ఉదయం మార్చేవారు. నేను కిందికి వెళ్లి, మా మేజర్ని తలుచుకుని, రోడ్డు పక్కన బోర్లా పడుకుని చూశాను. పచ్చలో పచ్చ కలిసిపోయింది. ఒక్కటీ దొరకలేదు. పైకొచ్చి అప్పల్సామి భుజం తట్టాను. పరీక్షకి ఇంకా నాలుగు రోజులుంది.

మామ చెరకు

మర్నాడు పొద్దున్నే పొగ వాసన వచ్చింది. బయటికొచ్చి చూస్తే తోట మొత్తం భగభగ మండుతోంది.

మా చోడవరం, ఆముదాలవలస వైపు చెరకు నరికేముందు ఆకు దూస్తారు. అక్కడ అలా కాదు. నరికేముందు తోటకి నిప్పు పెడతారు. ఆకు కాలిపోతుంది, గడ మిగులుతుంది, నరకడం సులువు. అప్పల్సామికి ఇదంతా పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ మామ తోట వంతు ఆఖర్న అనుకున్నాడు. నన్ను వెంటేసుకుని కిందికి పరిగెత్తాడు. రామయ్య మామ టోపీ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, మంటని ముచ్చటగా చూసుకుంటున్నాడు.

"మామా, ఏటి చేసినావు? పరీక్షకి ఇంకా త్రీ డేసే ఉంది."

"మిల్లు టర్న్ ముందికి ఇచ్చింది. టర్న్ పోతే మళ్లీ ఎప్పుడో. నీ సోల్జర్ గేమ్ కోసరం నా కేన్ నిలబెట్టమంటావా?"

"ఒక్క మాట నాకు సెప్పకూడదా?"

"మీ అమ్మకి ఫోన్ చేసి సెప్పినాను. నువ్వు ఇంటికి ఫోన్ చేసినావా ఈ వీక్?"

అప్పల్సామి నేల చూశాడు. చేయలేదు. ఆ ఇళ్లలో మేనమామ ఏది చెప్పినా అక్కకే చెబుతాడు, అక్క కొడుక్కి చెబుతుంది. ఆ దారి సైన్యం వైర్‌లెస్ కన్నా నమ్మకమైనది. ఫోన్ ఎత్తితే చాలు.

రెండు రోజుల్లో కూలీలు నరికేస్తారని మామ చెప్పాడు. అంటే పరీక్ష నాటికి కింద ఉండేది మసి కప్పిన నేల, మోళ్లు, అంతే. తోట అంచున దున్ని ఉంచిన పట్టీ దాటి మంట పైకి రాలేదు, కొండ మీద గడ్డి చలికాలానికి ఎండి పసుపుగా ఉంది. ఆ నలుపుకీ ఈ పసుపుకీ మధ్య మా మోర్చాల మీది పచ్చాకు, పెళ్లి పందిరి మామిడాకుల్లా మెరుస్తోంది.

పైకి వచ్చాక అప్పల్సామి ఇసుక బస్తా మీద కూలబడ్డాడు. "తాళాలు మళ్లీ నాకే, అన్నా" అన్నాడు.

మ్‌ఖీజే వచ్చి, పచ్చాకు తీసేసి నల్లాకు కప్పుదామన్నాడు. నేనూ అదే అనబోయాను. కొందరు అప్పటికే ఆకు లాగడం మొదలుపెట్టారు. అప్పల్సామి వాళ్లని చూసి లేచి, "ఆగండి. తీయొద్దు" అన్నాడు.

"సార్జెంట్, అవి రోడ్డు నుంచి కనిపిస్తాయి" అన్నాడు మ్‌ఖీజే.

"అదే నేనూ చెబుతున్నా. ఇప్పుడు కింద నుంచి వస్తూ చూశాను. వాటిని తప్ప ఇంకేమీ చూడలేదు. మీరంతా ఇక్కడ నిలబడి ఉన్నారు. మిమ్మల్ని కూడా చూడలేదు."

అతను ఏమంటున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. మోర్చాల్లో ఎవరూ ఉండరు. మనుషులందరూ కింద, కాలిన తోటలో, మసిలో పడుకుంటారు.

మసి

దానికి మళ్లీ మామ దగ్గరికే వెళ్లాలి. చెరకు ఒకసారి నరికితే మోళ్ల నుంచే మళ్లీ రెండో పంట, కార్శి తోట, లేస్తుంది. మోళ్లు తవ్వేస్తే వచ్చే ఏడు పంట లేదు.

"మోడు జోలికి వస్తే కాళ్లు ఇరగ్గొడతాను" అన్నాడు రామయ్య మామ. "సాలుకీ సాలుకీ మధ్యన పండుకో. లోతుగా తవ్వకు. అయిపోయినాక పూడ్చు. ఇంకోటి, మీ బాయ్స్ వచ్చి నా కేన్ లోడ్ చెయ్యాల."

అలా దక్షిణాఫ్రికా కొత్త సైన్యం ఒక రోజంతా రామయ్య మామ చెరకు మోసింది. సాయంత్రానికి వాళ్ల బట్టలకి మసి పూసే అవసరం రాలేదు. ఆ మర్నాడు సాళ్ల మధ్య మనిషి పట్టేంత పల్లపు గుంటలు తవ్వారు. తీసిన మట్టి బస్తాల్లో, తోట పక్కనున్న నీటి కాలువ వెంట పైకి మోసి, ఖాళీ మోర్చాల్లో పోశారు. కాలిన ఆకు తెచ్చి గుంటల మీద పరిచారు. పైన మోర్చాల మీద మాత్రం ప్రతి ఉదయం పక్క తోటల నుంచి పచ్చాకు తెచ్చి మార్చారు.

మ్‌ఖీజే మాత్రం గుంట పక్కన నిలబడి ఎంతకీ దిగలేదు.

"బాబా," అన్నాడు నాతో, "తల మీద దుంగలు లేకుండా పడుకోవడం నాకు చాతకాదు. ఆకాశం కనిపిస్తే విమానం వస్తున్నట్టే ఉంటుంది."

అప్పల్సామి వెళ్లి పక్క గుంటలో పడుకుని, "రా, ఎర్రి మొగమా. నా తల మీద కూడా ఏమీ లేదు" అన్నాడు. మ్‌ఖీజే దిగాడు. మీలో ఎవరైనా నాయకత్వం అంటే ఏమిటని అడిగితే నేను ఈ సంగతే చెబుతాను, వేరే పాఠం నా దగ్గర లేదు.

ఇక సున్నం రాళ్లవాళ్లు. అప్పల్సామి వాళ్లని పిలిచి దాచిన సున్నం డబ్బా తిరిగి ఇచ్చాడు. పచ్చ మోర్చాలకి మంచి దారి వేసి, రాళ్లు పేర్చి, నీట్‌గా సున్నం వేయమన్నాడు. వాళ్ల ఆనందం చూడాలి. పండగ చేసుకున్నారు.

పరీక్ష రోజు తెల్లవారాక దాడి కంపెనీ రోడ్డు దగ్గర ట్రక్కులు దిగింది. దూరాన మైదానాల నుంచి వచ్చినవాళ్లు. తీర్పరిగా కర్నల్, ఆయన పక్కన నేను. ఆయన బైనాక్యులర్స్ పెట్టి కొండ నడుము వైపు చూసి నిట్టూర్చాడు.

"మిస్టర్ మూర్తి, మీ సార్జెంటు అక్కడ కూరగాయల తోట వేశాడా? దారి కూడా వేశాడే."

నేను నోరు కుట్టేసుకున్నాను. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అప్పల్సామి నెగ్గాలని ఆయనకీ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

దాడి కెప్టెన్‌కి పని తేలికైపోయింది. సున్నం దారి వెంట ఎదురుగా వెళ్లకుండా, కాలిన తోటలోంచి పక్కగా చుట్టు తిరిగి పచ్చ మోర్చాల మీద పడదామనుకున్నాడు. బోడి నేల, అందులో ఎవడుంటాడు? అందరి కళ్లూ పైనున్న పచ్చదనం మీదే. వంగి వంగి తోట మధ్యకి వచ్చారు. మేమూ వాళ్ల వెంటే. కర్నల్ ఆగి మళ్లీ బైనాక్యులర్స్ ఎత్తాడు.

కింద నుంచి మెల్లగా, చాలా మర్యాదగా ఒక గొంతు వినిపించింది.

"సర్, మీ బూటు నా రైఫిల్ మీద ఉంది."

కర్నల్ కిందికి చూశాడు. కాలిన ఆకులోంచి రెండు కళ్లు, అప్పల్సామివి. ఆయన బూటు తీశాడు. సాళ్ల మధ్య నేల లేచి నిలబడింది. ఇటు మ్‌ఖీజే, అటు సున్నం రాళ్లవాళ్లు, వెనకాల పాత సైన్యం కుర్రాళ్లు, దాడి కంపెనీకి నాలుగు వైపులా. ఎవరు ఏ సైన్యం నుంచి వచ్చారో కన్నతల్లి కూడా చెప్పలేదు. కెప్టెన్ నోరెళ్లబెట్టాడు.

"మమ్మల్ని ఎప్పటి నుంచి చూస్తున్నావు?" అన్నాడు కర్నల్.

"మీరు ట్రక్కు దిగినప్పటి నుంచి సర్."

కర్నల్ బైనాక్యులర్స్ అద్దాలు తుడుచుకున్నాడు. తుడవడానికి వాటిమీద ఏమీ లేదు. "స్టోర్సుకి ఇంకో మనిషిని చూసుకోవాలి" అని ముందుకి నడిచాడు. అప్పల్సామి మసి ముఖం మీద రెండు తెల్లటి చారలు దిగాయి. నేను చూడనట్టు నటించలేదు. నావీ దిగుతున్నాయి.

కౌంటరు ఇవతల

గుంటలు పూడ్చాం. మామ వచ్చి మోళ్లు ఒక్కొక్కటీ చూసుకుని, తృప్తిగా తలాడించి, "ఇప్పుడైనా మీ అమ్మకి ఫోన్ చెయ్యి" అని వెళ్లాడు. అప్పల్సామి చేశాడు. అటువైపు నుంచి తిట్లు నాకు కూడా వినిపించాయి.

సాయంత్రం పారలు తిరిగి ఇవ్వడానికి స్టోర్సుకి వెళ్లాం. కౌంటరు వెనక కొత్త మనిషి ఉన్నాడు. కొండమీదికి వచ్చేముందు అప్పల్సామే పని నేర్పి, తాత్కాలికంగా తన చోట కూర్చోబెట్టినవాడు. పారలు ఒకసారి చూసి వెనక్కి నెట్టాడు.

"మసి ఉంది సార్జెంట్. తీసుకోను. మీరు పెట్టిన రూలే."

అందరం బయటికొచ్చి కుళాయి దగ్గర పారలన్నీ కడిగాం. మళ్లీ లోపలికి తీసుకెళ్లాం. అన్నీ కౌంటరు మీద పెట్టాక ఒకటి అప్పల్సామి చేతిలో ఉండిపోయింది. పిడి నున్నగా అరిగిన పాత పార. దాన్ని ఎన్నోసార్లు ఎంతోమందికి కౌంటరు మీదుగా అందించాడు.

"అది కూడా ఇవ్వండి సార్జెంట్."

"ఇవ్వను. ఇది నాకు ఇష్యూ చెయ్యి."

కొత్త మనిషి తనకి నేర్పినట్టే అడిగాడు. "ఎవరికి? ఎందుకు?"

అప్పల్సామి పార భుజాన వేసుకున్నాడు.

"సార్జెంట్ అప్పల్సామికి," అన్నాడు. "తవ్వడానికి."